దిద్దిన కన్ను

చలికాలంలో పసిపిల్లల ఫొటో తీయాలంటే ముందు సిద్ధం చేసుకోవలసింది కెమెరా కాదు, చేతులు. అందరూ గిలక్కాయ అని పిలిచే ఫొటోగ్రాఫరు గుమ్మం దాటి లోపలికి వచ్చి, బూట్లు విడిచి, సంచీని గోడవారగా దింపి, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడ్డాడు. ముప్పావు గంట స్కూటరు మీద వచ్చాడు. వేళ్ళు పుల్లల్లా బిగుసుకుపోయాయి. ఆ వేళ్ళతో ముట్టుకుంటే ఆరు నెలల పిల్ల కెవ్వుమంటుంది. ఒకసారి కెవ్వుమన్నదంటే ఇక ఆ పూటకు సంచీ సర్దుకోవడమే.

"అదేం నిలబడటమయ్యా, ఇంట్లోవాళ్ళు గెంటేసినట్టు?" అంది పాప నాయనమ్మ సోఫాలోంచి. "కూర్చో."

"వేడెక్కుతున్నానమ్మగారూ. నేనూ, కెమెరా, ఇద్దరం."

అది హాస్యం కాదు. బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చి కెమెరా సంచీ వెంటనే తెరిస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముకుంటుంది. ఇరవై నిమిషాలు జిప్పు తీయకూడదు. ఈ సంగతి తెలియని కుర్ర ఫొటోగ్రాఫర్లు వచ్చీ రాగానే కెమెరా బయటికి తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ, అది మళ్ళీ మసకబారుతూంటే మళ్ళీ తుడుస్తూ ఉంటారు. అలాంటివాళ్ళే ఊరంతా తిరిగి అతన్ని పిలిచే ఇళ్ళు సగం లాక్కున్నారు. వాళ్ళలో ఎవడో పెట్టిన పేరే గిలక్కాయ. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ దృష్టిలో పిల్లల ముందు గిలక్కాయ ఊపి బతకడం ఒక బతుకు కాదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు బ్యాంకు పుస్తకంలో భద్రంగా ఉంది. నలభై ఏడేళ్ళ మనిషి, నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేని ముఖం, చేసేది మాత్రం పరాయి పిల్లల్ని నవ్వించే పని.

పాప తల్లి హీటరు తెచ్చి పెట్టింది. గిలక్కాయ దాన్ని రెండు బారలు వెనక్కి జరిపాడు. మరీ దగ్గరయితే పిల్ల బుగ్గలు కందిపోతాయి, తర్వాత ఆ ఎరుపు తీయడానికి అతని కళ్ళు కందిపోతాయి. చలిగాలి రాకుండా తెరలన్నీ మూసేసి ఉండటంతో గది పట్టపగలే గుహలా ఉంది. లెన్స్ చుట్టూ గుండ్రటి లైటు బిగించాడు. దిండు మీద మీగడరంగు దుప్పటి పరిచి, ముడతలు సవరించి, వేడినీళ్ళ సంచీతో దుప్పటిని వెచ్చబెట్టి, అప్పుడు చేతులు చాపాడు.

"ఇలా ఇవ్వండమ్మా మహారాణిని."

పాప ఏడవలేదు. అతని మీసం పట్టుకుంది.

"చూశావా, మనిషి ఎలాంటివాడో పిల్లలకి తెలిసిపోతుంది" అన్నాడు పాప తండ్రి, దుప్పటి వెనక మోకాళ్ళ మీద కూర్చుంటూ. పాప ఇంకా సరిగా కూర్చోలేదు. వెనకనుంచి నడుం పట్టుకోవాలి.

"పట్టుకునే చెయ్యి ఫొటోలో పడుతుంది కదా గురూ?"

"పడనివ్వండి. తర్వాత లేపేస్తా."

"నన్నే లేపేస్తానంటున్నాడమ్మా మీ ఫొటోగ్రాఫరు!"

"లేపేయనీ, ఎలాగూ ఇంట్లో ఉన్నా లేనట్టేగా నువ్వు" అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. పాప కూడా పెదవులు సాగదీసింది. గిలక్కాయ నాలుగు ఫొటోలు లాగేశాడు.

చేతిలోని గిలక్కాయను కుడివైపు ఊపితే పాప గబుక్కున చూసింది. ఎడమవైపు ఊపితే చప్పుడు విని, కాసేపు ఆగి, తల మొత్తం తిప్పి చూసింది. "మా వంశమే అంత, అడ్డంగా తప్ప చూడం" అన్నాడు తండ్రి. కెమెరా వెనక తెరమీద మళ్ళీ మళ్ళీ ఒక ఫొటోనే చూస్తున్నాడు గిలక్కాయ. ఎడమ కనుపాపలో తెల్లటి మెరుపు, పగిలిన గాజుపెంకు మీద ఎండ పడ్డట్టు. మూడో నెల ఫొటోల్లోనూ ఇదే గోల. సరే, చూసుకుందాంలే అనుకున్నాడు.

"ఒక్కసారి చూపించండన్నా" అంది పాప తల్లి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి.

అతను తెర ఆర్పేశాడు. "దిద్దకుండా పచ్చివి చూపించనమ్మా. తెలుసుగా నా పద్ధతి. వండి వడ్డిస్తాను, అప్పుడు తినండి."

"మీరు తీస్తేనే నాకు మనసు కుదుటపడుతుందన్నా. పోయినసారి కళ్ళు ఎంత బాగా వచ్చాయో. నా ఫోన్ దండగ."

ఆ మాటకు అతను నిజంగానే పొంగిపోయాడు. ఈ రోజుల్లో పనివాడి పనితనం గుర్తించి మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు!

*

ఇంట్లో అతని పనిబల్ల వంటగదికీ పడగ్గదికీ మధ్య నడవలో ఉంటుంది. ఎవరు వంటగదిలోకి పోవాలన్నా అతని కుర్చీ వెనకనుంచి పక్కకు తిరిగి దూరాలి. ఒక పక్క భార్య మిషను కుట్టుకుంటుంది. పిల్లల ఫొటోలకు కావలసిన ఊలు టోపీలు, బుల్లి రెక్కలు, కుందేటి చెవులు ఆవిడ చేతివే.

గిలక్కాయ ఫొటోలు దిద్దేటప్పుడు ఒక వరస ఉంది. ముందు చర్మం. చలికి పగిలిన బుగ్గలు, తలమీద పొలుసులు, గోరు గీరుకున్న గీతలు, చొంగ. తర్వాత దుప్పటి. తర్వాత పట్టుకున్న చెయ్యి. పాప తండ్రి వేళ్ళు ఒక్కొక్కటీ దుప్పటిరంగులో కలిసిపోయాయి, ఉంగరం మాత్రం కాస్త మొండికేసి, చివరికి అదీ పోయింది. ఇప్పుడు పాప తనంతట తనే నిటారుగా కూర్చుని ఉంది. ఆఖరున కళ్ళు.

చీకటిగదుల్లో కనుపాపలు విప్పారి ఉంటాయి కాబట్టి చలికాలమంతా ఎర్ర కళ్ళే. దానికి ల్యాప్‌టాప్‌లో ఒక మీట ఉంది. నొక్కితే ఎరుపు పోయి నలుపు వస్తుంది. కుడి కన్ను మీద నొక్కాడు, పోయింది. ఎడమ కన్ను మీద నొక్కాడు. మీట దాన్ని పట్టుకోలేదు. మళ్ళీ నొక్కాడు. ఆ మీటకు ఎరుపు ఒక్కటే తెలుసు, తెలుపు తెలియదు.

"మిషను మిషనే" అన్నాడు గిలక్కాయ తృప్తిగా. "చెయ్యి చెయ్యే."

కుడి కంటిని కత్తిరించి, అద్దంలోలా తిప్పి, ఎడమ కంటి మీద అతికించాడు. అలా ఊరికే అతికిస్తే రెండు కళ్ళలో వెలుగుచుక్కలు ఎదురుబొదురుగా పడి బొమ్మ ముఖంలా అయిపోతుంది. అక్కడే చాలామంది దొరికిపోతారు. అతను ఎడమ కంటి చుక్కను తీసి, అసలు వెలుగు వచ్చిన వైపు మళ్ళీ పెట్టాడు. రెప్ప నీడ ఒక వెంట్రుకవాసి కిందికి లాగాడు. పదకొండు ఫొటోలకు మూడు గంటలు పట్టింది. దిద్దక ముందు ఒకటి, దిద్దిన తర్వాత ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి తన ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. కొత్త ఇళ్ళలో పనితనం చూపించడానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

"ఇదిగో, చూడు" అన్నాడు భార్యతో.

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఏది ముందు, ఏది తర్వాత?"

"అయితే వెళ్ళి నీ కళ్ళు పరీక్ష చేయించుకో."

"ముందు నువ్వు చేయించుకో. ముక్కు తెరకి ఆనించి చూస్తున్నావు నెల్లాళ్ళనుంచి."

వండిన వాటిలో రెండింటిని పాప తల్లికి పంపాడు. నిమిషంలో జవాబు వచ్చింది. 'ఎంత చక్కటి కళ్ళో! చాలా సంతోషం అన్నా.'

*

భార్య చెప్పిందని కాదు గానీ మర్నాడు కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాడు. వెనక చిన్న గదిలో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఉంది. ఊలు చేతితొడుగులకు వేళ్ళు కత్తిరించి వేసుకుంది. అతని ముక్కు మీద ఇనప చట్రం పెట్టి గాజుబిళ్ళలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడిగింది.

"రెండూ ఒకేలా ఏడుస్తున్నాయి."

"దగ్గరచూపు బాగా తగ్గిందంకుల్. ఏం పని చేస్తారు?"

అంకుల్ అన్న మాట అతనికి గిట్టదు. ఆ మాట పోగొట్టడానికన్నట్టు ఫోన్ తీసి జోడీ చూపించాడు. "ఇదీ పని. ఎడమ కన్ను చూడు. ఎవరన్నా కనిపెట్టగలరా?"

ఆమె దిద్దినదాన్ని చూడనే లేదు. దిద్దనిదాన్ని రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"ఎవరి పాప ఇది?"

"కస్టమర్ల పాప. ఎలా దిద్దానో చెప్పు ముందు."

"ఈ కన్ను డాక్టరుకి చూపించారా వాళ్ళు?"

"దేనికి? ఫ్లాష్ తగిలింది, అంతే."

"ఫ్లాష్ తగిలితే కన్ను ఏ రంగులో వస్తుందంకుల్?"

గిలక్కాయ నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడు. ఇది మొదటి రోజు తెలిసే సంగతి.

"ఎరుపు" అన్నాడు.

"మరి ఇది?"

అతను చట్రంలోంచే ఫోన్ వంక చూశాడు. ఆ బిళ్ళల్లోంచి తెలుపు మరీ స్పష్టంగా ఉంది.

"నేను డాక్టర్ని కాదు" అంది ఆ అమ్మాయి. "వెలుగు పక్కనుంచి పడితే బాగున్న కన్ను కూడా ఒక్కోసారి ఇలా రావచ్చు. ఒక్క ఫొటోలో అయితే పెద్దగా భయపడక్కర్లేదు. ఎన్నింట్లో వచ్చింది?"

"ఒకటో రెండో" అన్నాడు. తర్వాత, "పదకొండు" అన్నాడు.

"కంటి లోపల గడ్డ ఉంటే ఇలాగే వస్తుంది. ఇవాళే చెప్పండి వాళ్ళకి. రేపూ మాపూ అనకండి. చాలా పసిది కదా, రోజులు లెక్కే."

అతను చట్రం తీసి బల్లమీద పెట్టాడు. బయటికి వచ్చి స్కూటరు దగ్గర నిలబడి కోపం తెచ్చుకున్నాడు. వేళ్ళు కత్తిరించిన తొడుగుల పిల్ల, పట్టుమని పాతికేళ్ళు లేవు, ఫోన్లో బొమ్మ చూసి రోగం చెప్పేస్తుందట! పెద్ద చదువు చదివినట్టు! తను ఏడో తరగతిలో బడి మానేసినవాడే గానీ పిల్లల కళ్ళు ఎన్ని వేలు చూశాడు? ఎన్ని వేలు? ఆ లెక్క దగ్గర కోపం ఆగిపోయింది. వేలకొద్దీ కళ్ళల్లో తెల్లగా వచ్చినవి ఎన్ని అని ఆలోచిస్తే, ఈ ఒక్క పాపవి తప్ప గుర్తుకు రాలేదు.

ఆ రోజు అతను చెప్పలేదు. ఇంటికి పోయి మూడో నెల ఫొటోలు తెరిచాడు. చలి మొదలైన వారంలో తీసినవి. పచ్చివి పారేసే అలవాటు అతనికి లేదు. ఎనిమిదింట్లో ఉంది తెలుపు. చిన్నది, ఆవగింజంత. మొన్నటి వాటిలో కనుపాప సగానికి పాకింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలల కింద దిద్దినప్పుడు ఎనిమిదికీ కలిపి గంట పట్టింది. మొన్న మూడు గంటలు. తను నిదానించాడనుకున్నాడు, వయసు మీద పడిందనుకున్నాడు. తెలుపు పెరిగిందని అనుకోలేదు.

"ఎంతసేపు ఆ పిల్ల కంట్లోకి అలా చూస్తావు?" అంది భార్య.

చెప్పాడు. ఆవిడ మిషను ఆపింది. కుందేటి చెవి ఒకటి సూది కింద ఉండిపోయింది.

"వాళ్ళు నమ్మకపోతే తంటా. నమ్మితే ఇంకా పెద్ద తంటా" అంది చివరికి. "మీ పిల్ల కన్ను బాగోలేదు అన్న ఫొటోగ్రాఫర్ని ఇంకే ఇంటికైనా పిలుస్తారా? సంపాదన ఉండేది ఈ నాలుగు నెలలే మనకి."

"అయితే ఊరుకోమంటావా?"

ఆవిడ దారం పంటితో కొరికింది. 

"పొద్దున్నే వెళ్ళు. పిల్ల కన్ను కదా, ఎలా ఊరుకుంటాం? కానీ మొన్నటివాటి సంగతే చెప్పు. పాతవి తవ్వకు."

*

పొద్దున మంచు విడవకముందే వాళ్ళ గుమ్మంలో ఉన్నాడు. ఈసారి చేతులు వేడెక్కేదాకా ఆగలేదు.

హాల్లో గోడకు మూడో నెల ఫొటో ఉంది, గజం పొడుగు, నల్ల చట్రం. రెండు కళ్ళూ నీళ్ళలో తడిసిన రాళ్ళలా మెరుస్తున్నాయి. గిలక్కాయ దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. చెప్పవలసింది చెప్పాడు. చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి మొన్నటి పచ్చిది చూపించాడు.

ముందు తండ్రి నవ్వాడు. "కళ్ళద్దాలమ్మే పిల్ల చెప్పిందా? రేపు మంగలి వచ్చి గుండెజబ్బని చెప్తాడు, ఆపరేషనుకి పోదామా గురూ?"

నాయనమ్మ నవ్వలేదు. "ఏం నోరయ్యా నీది! బంగారంలాంటి పిల్లని పట్టుకుని, పొద్దున్నే, ఇంట్లో కూర్చుని గుడ్డిదంటావా?"

"గుడ్డిదనలేదమ్మగారూ. ఒకసారి చూపించమంటున్నాను."

"చూపించడానికి ఏం మిగిలింది, నువ్వు చూపించావుగా. నీ లైటు బాగోక వచ్చిన మచ్చకి మా పిల్లని ఆసుపత్రుల చుట్టూ తిప్పాలా? నీకు చాతకాకపోతే ఇంకొకణ్ణి పిలుస్తాం."

పాప తల్లి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి ఒంగి చూసింది. లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది. పాత ఫొటోలు వెనక్కి వెనక్కి జరిపి అతని ముందు పెట్టింది.

స్నానమయ్యాక తువ్వాల్లో చుట్టిన పాప. మసక మసగ్గా ఉంది. ఎడమ కంట్లో ఆవగింజంత తెలుపు.

"ఇది చూసే భయపడ్డానన్నా నేను" అంది. గొంతు మామూలుగానే ఉంది. "వీళ్ళకి చూపిస్తే ఫోన్ లోపమన్నారు. చవక ఫోన్లో అలాగే వస్తుందన్నారు. సరే, మంచి కెమెరాలో చూద్దామని మిమ్మల్ని పిలిచాను. మూడో నెల ఫొటోలనేది వంక. దీనికోసమే పిలిచాను."

గిలక్కాయ ఆ ఫోన్ మీదనుంచి చూపు తిప్పుకున్నాడు.

"మీరు పంపినవి ఇలా పెట్టుకుని, ఇది ఇలా పెట్టుకుని, రాత్రంతా చూశాను. మీ దాంట్లో కన్ను నల్లగా, నిక్షేపంలా ఉంది. పొద్దున్నే ఈయన నవ్వారు, అత్తయ్య నవ్వారు. నేనూ నవ్వాను." ఆమె అతని ముఖంలోకి చూసింది. "అప్పుడు మీ కెమెరాలో రాలేదు కదన్నా? ఇప్పుడే మొదలైందన్నమాట. అంతేనా?"

హీటరు గుయ్యిమంటోంది. నాయనమ్మ, తండ్రి, ఇద్దరూ అతని వైపే చూస్తున్నారు. పచ్చివి చూపించను అనే మాట అతను ఎన్ని ఇళ్ళలో ఎంత గొప్పగా అన్నాడో! ఇప్పుడు నోరు తెరిచి ఒక్క ముక్క అంటే చాలు. ఈ గదిలోంచి ఈ వీధికి, ఈ వీధి నుంచి పై వీధికి పాకిపోతుంది.

"రాలేదమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది. "అయితే ఫోన్ లోపమే అయి ఉంటుంది అప్పుడు" అని తనకు తనే చెప్పుకున్నట్టు అని, లోపలికి పోయి పాపకు స్వెట్టరు తొడగడం మొదలుపెట్టింది. "ఎక్కడికే?" అని అత్తగారు అరిచింది. "ఆసుపత్రికి" అంది. "మీరు వచ్చినా రాకపోయినా."

*

రెండు రోజులకు పాప తండ్రి ఫోన్ చేశాడు. గురూ అనలేదు. "పెద్దాసుపత్రిలో ఉన్నాం. నీ ఫొటోలు చూస్తామంటున్నారు, దిద్దనివి. తీసుకురా."

కంటి డాక్టరు గది ఇరుకుగా ఉంది. కిటికీకి నల్లతెర. డాక్టరమ్మ బల్ల ముందు రెండే కుర్చీలు, ఒకదాంట్లో నాయనమ్మ, ఒకదాంట్లో తండ్రి. పాప తల్లి పాపను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. చుక్కలమందు వేసినందుకు పాప కనుపాపలు పెద్దవై ఉన్నాయి. ఇప్పుడు లైటు అక్కర్లేదు, ఫ్లాష్ అక్కర్లేదు. తలుపు దగ్గరనుంచే కనబడింది గిలక్కాయకు, ఎడమ కంటి లోపల మీగడలా తెల్లగా.

అతను మొన్నటి పదకొండూ చూపించాడు. డాక్టరమ్మ చూసి, పక్కకు జరిపింది. కాగితం మీద కలం పెట్టింది.

"చూడండి, కుడి కన్ను ప్రస్తుతానికి బాగుంది. ఎడమ కంట్లో గడ్డ కన్నంతా నిండింది. నరం దాకా పోకముందే కన్ను తీసేయాలి. ఈ వారమే. పాప బతకాలంటే ఇంకో దారి లేదు."

 నాయనమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"మొట్టమొదట ఎప్పుడు కనిపెట్టారు?"

"ఈ వారమేనండి" అన్నాడు తండ్రి.

"మూడు నెలల కింద" అంది పాప తల్లి. ఫోన్ చాచింది.

డాక్టరమ్మ దాన్ని చూసింది. తేదీ చూసింది. కళ్ళద్దాలు తీసేసింది. "మూడు నెలలా? అప్పుడే తెచ్చి ఉంటే ఇది ఇంత చిన్నదిగా ఉండేది. మందులతో కరిగించేవాళ్ళం. కన్ను దక్కేదమ్మా! చూసి కూడా ఎలా ఊరుకున్నావు? చదువుకున్నదానిలా ఉన్నావు."

"మంచి కెమెరాలో తీయించాను డాక్టరుగారూ. దాంట్లో రాలేదు."

"ఫోన్లో వచ్చింది మంచి కెమెరాలో రాకపోవడమేమిటి? అలా కుదరదు."

"రాలేదండి" అంది ఆమె మళ్ళీ. ఈసారి గొంతులో పట్టు తప్పింది. తను చూసినదాన్ని తనే అనుమానిస్తున్న గొంతు. "ఏమో. నేనే సరిగా చూడలేదేమో."

నాయనమ్మ చెంగు నోట్లోంచి తీసింది. "పొద్దస్తమానం ఆ ఫోన్ పట్టుకుని కూర్చుంటుందమ్మా. పిల్లని చూసుకుంటే కదా! చూసిన మనిషి గట్టిగా చెప్పొద్దూ? పోరుపెట్టి చెప్పొద్దూ? కన్నతల్లివేనా నువ్వు?"

తండ్రి భార్యవైపు తిరిగాడు. "ఒక్కసారి చెప్పి ఊరుకుంటే మాకేం తెలుస్తుంది? ఇంకోసారి చెప్పడానికి నీకు నోరు లేకపోయిందా?"

ఆమె పాప వీపు నిమురుతోంది, మెడనుంచి నడుందాకా, మళ్ళీ మెడనుంచి. డాక్టరమ్మ కలం కదులుతోంది. రాస్తున్నది బల్లకు ఇవతలనుంచి తలకిందులుగా కనిపిస్తోంది. గిలక్కాయకు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటే గానీ రావు. తలకిందులుగా అసలే రావు. అయినా ఆ రాతలో ఏముందో అతనికి తెలిసిపోయింది. తల్లి మూడు నెలల కింద చూసి, ఊరుకుంది. ఆ ముక్క ఆ కాగితం మీద ఉండిపోతుంది. వాళ్ళ ఇంట్లో ఆ ముక్క రోజుకొకసారి చదువుతారు. పాప పెద్దదయ్యాక పాపకు కూడా చదివి వినిపిస్తారు.

అతను వెళ్ళిపోవచ్చు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ల్యాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకుంటే పని అయిపోయింది. మూత సగం దించాడు కూడా.

"రాయకండి" అన్నాడు.

డాక్టరమ్మ తలెత్తింది. "ఏమిటి?"

"అలా రాయకండి. ఆవిడ చెప్పింది నిజం."

"మీరెవరు? పాపకి ఏమవుతారు?"

గిలక్కాయ మూత మళ్ళీ పైకెత్తాడు. పాతవాటిని వెతకడానికి వేళ్ళు తిరగడం లేదు. ఈ గదిలో చలి లేదు, అయినా తిరగడం లేదు. మూడుసార్లు తప్పు నొక్కి, నాలుగోసారికి తెరిచాడు. ఎనిమిది ఫొటోలు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద డాక్టరమ్మ వైపు తిప్పాడు.

"ఏమీ కానండి. ఫొటోలు తీసేవాణ్ణి. ఇవి మూడో నెలలో తీసినవి. నా కెమెరాలోనూ వచ్చింది. నేను చెరిపేసి, రెండో కన్ను తెచ్చి అతికించి ఇచ్చాను. ఎవరూ కనిపెట్టలేనంత బాగా అతికించాను. మొన్న వాళ్ళింట్లో అడిగితే రాలేదని అబద్ధం చెప్పాను."

తండ్రి కుర్చీ చప్పుడయింది. లేచి నిలబడ్డాడు గానీ ఎక్కడికి పోవాలో తెలియనట్టు అక్కడే ఆగిపోయాడు. నాయనమ్మ చెయ్యి గాలిలో ఉంది, ఎవర్ని తిట్టడానికి లేపిందో మరిచిపోయినట్టుంది. డాక్టరమ్మ ఎనిమిది ఫొటోలనూ ఒక్కొక్కటిగా చూసింది. అన్నీ చూశాక, కాగితం మీద రాసిన వరసను ఒక గీతతో కొట్టేసింది.

గిలక్కాయ పాప తల్లి వైపు చూడలేకపోయాడు. ఆమె బూట్లు చూశాడు. ఒకదానికి ముడి విడిపోయి ఉంది. ఏదో ఒకటి అంటుందని, అరుస్తుందని, కొడుతుందని, తనకు కావలసింది అదేనని నిలబడ్డాడు.

ఆమె పాపను ఆ భుజం మీదనుంచి ఈ భుజానికి మార్చుకుని, బల్ల దగ్గరికి వచ్చి, కొట్టేసిన వరస కింద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

"ఇక్కడ రాయండి డాక్టరుగారూ. తల్లి చూసింది అని రాయండి."